మాత్రకూ ఉంది అనుపానం



మన అమ్మమ్మల కాలంలో వైద్యుడు పొట్లం చేతిలో పెడితే, ఇల్లాలు మొట్టమొదట అడిగే ప్రశ్న "అనుపానం ఏమిటండీ?" అని. తేనెతోనా, అల్లం రసంతోనా, పాలతోనా? మందు ఎంత ముఖ్యమో, దాన్ని దేనితో, ఏ వేళకు పుచ్చుకోవాలో అంత ముఖ్యమని వాళ్ళకు తెలుసు. ఇప్పుడు మందు రేకులో మెరిసే మాత్ర అయ్యేసరికి ఆ ప్రశ్న మరిచిపోయాం. చేతిలో కాఫీ ఉంటే కాఫీతో, మజ్జిగ ఉంటే మజ్జిగతో గుటుక్కున మింగేస్తున్నాం. కడుపులోకి వెళ్ళాక అన్నీ ఒకటే కదా అంటారేమో! ఒకటి కాదండీ.

మా పక్కవాటాలో ఒకమ్మాయికి ఆరో నెల. పాపం, బుద్ధిమంతురాలు, ఒక్క రోజు కూడా మాత్ర మానలేదు. అయినా రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిది దాటదు. గర్భిణికి పదకొండైనా ఉండాలి. విచారిస్తే తేలిందేమిటంటే, పొద్దున్నే ఇనుము మాత్రా, కాల్షియం మాత్రా రెండూ కలిపి కాఫీతో వేసుకుంటోంది, ఒక్కసారే పని అయిపోతుందని! కాఫీ, టీలలోని వగరు పదార్థాలు ఇనుమును పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనివ్వవు. కాల్షియమూ దానికి అడ్డే. ఇంక మిగిలేదెంత?

ప్రభుత్వం వారు గర్భిణులకు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులు. దీన్ని భోజనానికీ భోజనానికీ మధ్య మంచినీళ్ళతో వేసుకోవాలి. నిమ్మకాయ నీళ్ళయితే మరీ మంచిది, పులుపు ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. కాల్షియం మాత్రకు మాత్రం భోజనమే అనుపానం. కాబట్టి ఫలహారంతో ఒక కాల్షియం, పదకొండింటికి ఇనుము, రాత్రి భోజనంతో రెండో కాల్షియం, ఇలా వేళలు విడదీసుకుంటే సరి. ఇనుము మాత్రకు గంట అటూ ఇటూ కాఫీ వద్దు. వికారం పెడితే రాత్రి భోజనమయ్యాక పడుకోబోయే ముందు వేసుకోండి, కాల్షియాన్ని పగటిపూటకు జరపండి. కొంచెం తక్కువ పడుతుంది, అయినా మానేయడం కన్న నయం.

ఈ మాత్రతో విరేచనం నల్లగా అవుతుంది. అది చూసి అత్తగార్లు కంగారుపడి మాన్పించేస్తారు. బిడ్డ నల్లగా పుడుతుందన్న మాటా ఒకటి ప్రచారంలో ఉంది. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది గానీ మాత్ర రంగు నుంచి కాదు. అందరం ముద్దుచేసే కృష్ణుడు నల్లనివాడే కదా!

ఈ ఫోలిక్ ఆమ్లం వెనుక మన తెలుగువాడున్నాడు సుమా. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, మన కింగ్ జార్జి ఆసుపత్రి తెరిచిన 1923లోనే అమెరికా వెళ్ళారు. అక్కడి లెడర్లీ పరిశోధనశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. గర్భిణి ముందునుంచే ఇది వేసుకుంటే బిడ్డ వెన్నెముక లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన రుజువు చేసింది. ముందునుంచే అని ఎందుకన్నానంటే, నెల తప్పిందని మనకు తెలిసేసరికే ఆ వెన్ను రూపుకట్టడం మొదలైపోతుంది. అంచేత బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరమ్మను అడిగి మొదలుపెట్టాలి.

చిత్రమేమిటంటే, అదే పరిశోధనశాల నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే. ఎందరినో బతికించిన మందుల వంశం. కానీ పాలతో కలిస్తే అందులోని కాల్షియంతో ముడిపడి పనిచేయకుండా పోతుంది. గర్భిణి వాడితే బిడ్డ ఎముకల్లో, పళ్ళలో చేరి, పాలపళ్ళు పచ్చబారతాయి. ఒకే చోట పుట్టిన రెండు మందులు, ఒకటి గర్భిణికి తప్పనిసరి, ఇంకొకటి కూడనిది! రేకు మీద పేరు చూసి మనకేం తెలుస్తుంది?

అందుకే మందుల షాపులో "నడుంనొప్పికి ఏదైనా ఇవ్వు బాబూ" అనే అలవాటు గర్భిణులకు అసలు పనికిరాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు పరగడుపున వేసుకుంటే ఎవరికైనా కడుపులో పుండు పడే ప్రమాదం ఉంది. గర్భిణికి ఐదో నెల దాటాక బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గిపోవచ్చు. వేవిళ్ళకని అమ్మిన థాలిడోమైడ్ సంగతి పెద్దవాళ్ళు వినే ఉంటారు. 1957లో పశ్చిమ జర్మనీలో బజారుకొచ్చింది, 1961లో వెనక్కి తీసుకునేలోగా వేలమంది పసివాళ్ళు చేతులూ కాళ్ళూ సరిగా లేకుండా పుట్టారు.

అలాగని భయపడి అన్ని మందులూ మానేయడం ఇంకా పెద్ద పొరపాటు. మూర్ఛకు, రక్తపోటుకు, థైరాయిడ్‌కు మాత్రలు వాడేవాళ్ళు నెల తప్పగానే తమంతట తాము ఆపకూడదు. వెంటనే డాక్టరుకు చెబితే, మార్చవలసినవి వారే మారుస్తారు. థైరాయిడ్ మాత్ర మోతాదు ఆ రోజుల్లో తరచు పెంచవలసి వస్తుంది కూడా. అది పరగడుపున మంచినీళ్ళతోనే, కాఫీకి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఇనుమూ, కాల్షియమూ దానికి నాలుగు గంటల ఎడంగా ఉండాలి. అంటే వీళ్ళ మొదటి కాల్షియం ఫలహారంతో కాదు, మధ్యాహ్న భోజనంతో.

మన ఊరి చిక్కు ఇంకొకటుంది. ఉక్కు కర్మాగారంలోనూ పోర్టులోనూ షిఫ్టు డ్యూటీలు. రాత్రి షిఫ్టు చేసి తెల్లారి ఇల్లు చేరే మనిషికి "రాత్రి భోజనానికి ముందు" అంటే ఎప్పుడు? కొన్ని చక్కెర మాత్రలు వేసుకుని తినకుండా నిద్రపోతే చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మావారిది షిఫ్టు డ్యూటీ అని డాక్టరుతో ముందే చెప్పి, ఏ వారం ఎలా వేయాలో చీటీ మీద రాయించుకోండి.

ఘోషాసుపత్రికి వెళ్ళినా, మీ పేట ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినా, ఇంట్లో వాడుతున్న మాత్రల రేకులన్నీ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకెళ్ళండి. ఎన్నో నెలో చెప్పండి. ఒక్కొక్కటీ చూపించి అడగండి, దీనికి అనుపానం ఏమిటండీ అని.