ఇల్లు వెతికేముందు ఆ నేల ఎవరిదో అడుగుదాం

(ఉత్తర చెన్నై తెలుగు సంఘాల కుటుంబ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మాకిచ్చిన అంశం సొంత ఇల్లు వెతుక్కోవడం గురించి. ప్రార్థన కూడికలో పట్టాలు, ప్లాట్ల మాటలేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ గత కొన్నేళ్లుగా ప్రార్థన మనవుల్లో మేము ఎక్కువగా విన్నది ఈ మాటే: "అయ్యా, మాకొక సొంత ఇల్లు కావాలి, ప్రార్థన చేయండి." మనవి ఇదైనప్పుడు దాని గురించి మాట్లాడకుండా ఎలా ఉంటాం?

మన తాతలు గంజి కోసం ఈ ఊరు వచ్చారు. కార్పొరేషన్ చీపురు పట్టారు, హార్బరులో మూటలు మోశారు, రైల్వేలో పనిచేశారు. ఊరంతా శుభ్రం చేసినా ఈ ఊళ్లో జానెడు నేల వాళ్ల పేరున లేదు. క్వార్టర్సులో పుట్టాం, బోర్డు ఇళ్లలో పెరిగాం. ఇప్పుడు రిటైరైనవాళ్ల చేతికి పీఎఫ్ డబ్బు వస్తోంది. పిల్లలు ఉద్యోగాల్లో చేరారు. మూడు తరాల తర్వాత మొదటిసారి మన ఇళ్లలో "కొందాం" అనే మాట వినిపిస్తోంది. ఆ డబ్బు పోతే మళ్లీ రాదు. అందుకే ఈ మాటలు.

మా సంఘంలో ఒక కుటుంబం సంగతి చెప్తాం. పేరు వద్దు. తండ్రి పీఎఫ్, తల్లి చీటీ డబ్బు, కూతురి నగలు కలిపి తిరువళ్లూరు వైపు ఒక ప్లాటు కొన్నారు. చుట్టుపక్కల రేటులో సగానికే వచ్చింది. రిజిస్ట్రేషన్ అయింది. దేవుడు తలుపు తెరిచాడని మేమే సాక్ష్యం చెప్పించాం. పట్టా కోసం వెళ్తే తాలూకా ఆఫీసులో తెలిసింది, అది పంచమి భూమి అని. నేటికీ పట్టా లేదు, ఇల్లు కట్టడానికి అనుమతి లేదు, బ్యాంకు లోను లేదు. అమ్మినవాడు ఫోను ఎత్తడు.

ఆ రోజు మేము అడగని ప్రశ్న ఒకటుంది. ఇంత చౌకగా ఎందుకు వస్తోందని అడగలేదు. ఈ నేల మొదట ఎవరిదని అడగలేదు.

పంచమి భూమి అంటే ఏమిటో మన పిల్లలకు తెలియాలి. చెంగల్పట్టు జిల్లాలో అంటరాని కులాలవాళ్ల బతుకు గురించి ట్రెమెన్‌హీర్ అనే కలెక్టరు రాసిన నివేదిక తర్వాత, 1892లో మద్రాసు ప్రభుత్వం వాళ్లకు భూములు ఇవ్వాలని ఉత్తర్వు చేసింది. మొదటి పదేళ్లు అమ్మకూడదు, ఆ తర్వాత అమ్మినా ఆ కులాలవాళ్లకే అమ్మాలి అని షరతు పెట్టారు. ఆ తర్వాతి కాలంలో అప్పుల కింద, బెదిరింపుల కింద, వేలిముద్రల కింద ఎన్నో ఎకరాలు చేతులు మారాయి. వాటిని తిరిగి ఇమ్మని పోరాడిన జాన్ థామస్, ఏళుమలై 1994లో చెంగల్పట్టులో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. షరతుకు విరుద్ధంగా అమ్మిన భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఎన్ని చేతులు మారినా ఆ షరతు పోదు.

ఇక్కడ ఒక అన్న తప్పకుండా అడుగుతాడు, "మనమూ ఆ కులాలవాళ్లమే కదా, మనం కొంటే తప్పేమిటి?" అని. న్యాయమైన ప్రశ్నే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డ్ కులంగా లెక్కించరు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని చేర్చలేదు. ఆ అన్యాయం మీద మన పోరాటం మనం చేస్తూనే ఉన్నాం. కానీ మనకు ఆ ప్లాటు అమ్మేది ఆ భూమి పొందిన దళిత కుటుంబం కాదు. వాళ్ల దగ్గర లాక్కున్నవాడి తర్వాత మూడోవాడో, నాలుగోవాడో. మన డబ్బు వాడికి పోతుంది. ఆ కుటుంబం మనవలు ఆ పక్కనే కూలికి పోతుంటారు.

లేఖనంలో భూమి గురించి రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. అహాబు రాజు నాబోతును ద్రాక్షతోట ఊరికే అడగలేదు. ధర ఇస్తానన్నాడు, ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు. పితరుల స్వాస్థ్యం ఇవ్వనని నాబోతు అన్నాడు. అప్పుడు యెజెబెలు రాజు పేరున తాకీదులు రాయించి, రాజు ముద్ర వేసి, అబద్ధ సాక్షులను నిలబెట్టి నాబోతును చంపించింది. ముద్ర ఉంది, సాక్షులున్నారు, అంతా పద్ధతిగా జరిగినట్టే కనిపించింది. మన ప్లాటు పత్రాల మీద కూడా ముద్రలున్నాయి, సాక్షుల సంతకాలున్నాయి.

యిర్మీయా సంగతి వేరు. యెరూషలేము ముట్టడిలో ఉంది, తాను బందీగా ఉన్నాడు. అప్పుడు అనాతోతులోని పొలాన్ని తన బంధువు హనమేలు దగ్గర 17 తులముల వెండికి కొన్నాడు. అమ్మేవాడెవరో, ఏ హక్కుతో అమ్ముతున్నాడో తెలుసు. త్రాసులో వెండి తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాసి ముద్ర వేశాడు, సాక్షులతో సంతకం చేయించాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచి చూడగలిగేది ఒకటి, రెండూ మంటికుండలో పెట్టమని బారూకుకు ఇచ్చాడు. విశ్వాసం ఉంది కదా, కాగితాలు ఎందుకు అనుకోలేదు.

ఇక మనం చేయవలసిన పనులు చూద్దాం.

మొదటిది లెక్క. 20 లక్షల ఇల్లు అంటే 20 లక్షలు సరిపోవు. తమిళనాడులో స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం. అంటే 20 లక్షల మీద 1 లక్షా 80 వేలు. లాయరు ఖర్చు, పట్టా మార్పు, కరెంటు దీనికి వేరే. విలువ 10 లక్షల లోపు ఉండి ఆడవారి పేరున రిజిస్టర్ చేస్తే 2025 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రుసుములో ఒక శాతం తగ్గుతుంది. తగ్గినా తగ్గకపోయినా అక్క పేరు పత్రంలో ఉండాలని మేము అంటాం. చీటీ కట్టింది ఆమె.

రెండోది చోటు. ఎండాకాలంలో మాత్రమే చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటివాళ్లను, టీకొట్టువాళ్లను అడగండి. గోడ మీద మరక చూడండి. ఏరి పొరంబోకు మీద ప్లాట్లు వేస్తే వాన వచ్చినప్పుడు ఏరి తన చోటు తాను అడుగుతుంది.

మూడోది కాగితాలు. అమ్మేవాడి మూల దస్తావేజు చూడండి. కనీసం 30 ఏళ్ల విల్లంగం, అంటే ఈసీ తీయండి. పట్టా, చిట్టా, ఏ రిజిస్టర్ నకలు తీసి సర్వే నంబరు అన్నిటిలో ఒకటేనా అని చూడండి. ప్లాటైతే సీఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి ఉందా అని చూడండి. అనుమతి లేని లేఅవుట్లలో, 2016 అక్టోబరు 20కి ముందు ఏర్పడినవాటికే క్రమబద్ధీకరణకు దారి ఇచ్చారు. 1980లలో యూడీఆర్ పేరుతో రెవెన్యూ రికార్డులు తిరగరాశారు. కాబట్టి ఇప్పటి పట్టా ఒక్కటి చూస్తే చాలదు, దానికి ముందున్న పాత రిజిస్టరు కూడా అడగాలి. అందులో "డీసీ" అని గాని, షరతు పట్టా అని గాని ఉంటే అడుగు వెనక్కి వేయాలి.

నాలుగోది ఫ్లాటు. ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లున్నా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, కడుతున్న ప్రాజెక్టుకు రెరా నంబరు ఉండాలి. ఒప్పందం రిజిస్టర్ చేయకుండా బిల్డరు ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. చదరపు అడుగుల లెక్క కార్పెట్ ఏరియాలో అడగండి.

ఐదోది బోర్డు ఇళ్లు. "అలాట్‌మెంటు ఆర్డరు ఉంది, స్టాంపు పేపరు మీద రాసిస్తాం" అని చెప్పి అమ్ముతున్నారు. బోర్డు అమ్మకపు పత్రం ఇవ్వని ఇంటిని అమ్మే హక్కు అందులో ఉన్నవాళ్లకు లేదు. నోటరీ సంతకం ఇల్లు ఇవ్వదు. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నంత మాత్రాన సొంతం కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

ఆరోది డబ్బు ఇచ్చే తీరు. 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. బ్యాంకు ద్వారానే ఇవ్వండి. అడ్వాన్స్ ఈ రాత్రే ఇవ్వాలి, రేపు వేరేవాళ్లు వస్తారు అని తొందర పెడితే, పోనివ్వండి.

వేరే రాష్ట్రాల్లో ఉన్న మన బంధువులకు కూడా ఇదే చెప్పండి. కర్ణాటకలో దళిత, ఆదివాసీ కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన భూములను 1978 పీటీసీఎల్ చట్టం కాపాడుతుంది. రాయగడ, కోరాపుట్ వైపు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసీ భూమి ఇతరులకు మారకుండా 1956 రెగ్యులేషన్ ఉంది. మహారాష్ట్రలో సాత్‌బారాలో భోగవటాదారు వర్గం 2 అని ఉంటే ఎందుకో అడగాలి. యానాంలో ఇల్లు చూసేవాళ్లు 2022 జూలైలో గోదావరి ఎక్కడిదాకా వచ్చిందో ముందు కనుక్కోవాలి.

ఇంకొక బాధ ఉంది. అన్ని కాగితాలూ సరిగా ఉండి, డబ్బు చేతిలో ఉండి వెళ్లినా, "మీరు ఏ ఊరివాళ్లు, ఏ చర్చి, మాంసం తింటారా" అని అడిగి, ఇల్లు అమ్ముడైపోయిందంటారు. వాళ్లు అడిగింది కులం, వాళ్లు చెప్పింది ఇల్లు లేదని కాదు, మీకు లేదని. ఆ మాట విన్న పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు. మాకు తెలుసు. అందుకే ఒంటరిగా వెళ్లవద్దు. ఇద్దరు ముగ్గురం కలిసి వెళ్దాం.

మా విన్నపం ఇది. ప్రతి సంఘంలో నలుగురు కూర్చుని కాగితాలు చదవడం నేర్చుకోవాలి. తమిళం చదవగల యవ్వనస్థులు ముందుకు రావాలి. ఎవరు అడ్వాన్స్ ఇవ్వబోయినా ముందు ఆ నలుగురికి కాగితాలు చూపించాలి. వెతుకులాటలో పంచమి భూమి అని తేలితే "తప్పించుకున్నాం" అని ఇంటికి రాకూడదు. ఆ సర్వే నంబరు రాసుకుని, ఆ ఊరి కాలనీకి వెళ్లి, ఆ కుటుంబం ఎవరో కనుక్కుని, కలెక్టరుకు అర్జీ పెట్టడంలో వాళ్లతో నిలబడాలి.

మేము చెప్పిన కుటుంబం ఇప్పుడు అదే చేస్తోంది. తమ డబ్బు కోసం అమ్మినవాడి మీద కేసు వేశారు. ఆ నేల మొదట ఎవరి పేరున ఉందో వెతికి, ఆ ముసలమ్మ ఇంటికి వెళ్లారు. ఆమె మొదట తలుపు తీయలేదు. రెండోసారి వెళ్తే కాఫీ ఇచ్చింది. ఇంకా ఏదీ తేలలేదు. ఆ కుటుంబం అద్దె ఇంట్లోనే ఉంది. వాళ్ల కోసం ప్రార్థన చేద్దాం, వచ్చే వాయిదాకు కోర్టుకు వాళ్లతో కలిసి వెళ్దాం.