గ్రోవ్స్ కుటుంబము - గోదావరి తీరము

నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల క్రైస్తవ సంఘముల చరిత్రను మనము తడవినచో, ఒక చిన్న పుస్తకము కడకు పోవలసివచ్చును. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ 1825లో ప్రకటించిన ‘క్రిస్టియన్ డివోటెడ్‌నెస్’ అది. రేపటికై ధనమును కూడబెట్టుట విశ్వాసికి తగదని దాని సారము. వ్రాసినవాడు సన్యాసి కాడు. ఎక్సెటరు పట్టణమున బాగుగా ఆర్జించుచుండిన దంతవైద్యుడు. దంపతులు మొదట ఆదాయమున పదవవంతు, పిదప నాల్గవవంతు, తుదకు అవసరమునకు మించినదంతయు దానము చేసిరి. బ్రిస్టలులో వేలకొలది అనాథలను పోషించిన జార్జి ముల్లరు ఈయన సోదరిని వివాహమాడినవాడే.

1836లో గ్రోవ్స్ వెంట విలియం బౌడెను, జార్జి బీరు సకుటుంబముగా మన దేశమునకు వచ్చిరి. ఒకరు రాతిపనివారు, మరొకరు చెప్పులు కుట్టువారు. దొరతనపు ఆర్భాటమెరుగని ఆ పనివారు మొదట మచిలీపట్టణమునను, తరువాత గోదావరి తీరమునను నిలిచి, తెలుగున బోధించిరి.

గ్రోవ్స్ మాత్రము చిత్తూరున ఆగెను. ప్రచారకులు చందాలపై ఆధారపడక తమ చేతులతో బ్రతుకవలెనని పట్టుపురుగుల పెంపకము మొదలిడెను. అది కలిసిరాలేదు, అప్పులు మీదపడెను. పిమ్మట కుమారులు హెన్రీ, ఫ్రాంకు శ్రీరంగపట్టణము చెంత పాలహళ్లిలో పంచదార కర్మాగారము నడిపిరి. హెన్రీ మతగ్రంథములును వ్రాసెను. తరువాతి కాలమున, క్వేకరు శాఖకు చెందిన కాడ్బరీ కుటుంబము చాకొలెట్టు లాభములతో బోర్న్‌విల్ గ్రామమునే కట్టించినది. గ్రోవ్స్ వారికి అంత కలిమి అబ్బలేదు. కూడబెట్టరాదన్న గ్రంథకర్తకే జమాఖర్చుల చింత తప్పలేదని నవ్వువారు నవ్వవచ్చును. మాకు మాత్రము, ఆ అప్పులతోనే ఆయన మాటకు బరువు హెచ్చినట్లు తోచును.

1853లో బ్రిస్టలున, ముల్లరు ఇంట గ్రోవ్స్ కన్నుమూసెను. బౌడెను, బీరుల సంతతివారు తండ్రుల పనిని గోదావరి తీరముననే సాగించిరి.