అవ్వ పాట, మూడవ ప్రతి

తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో అన్నమాచార్యుల పాటలు రాగిరేకులపై శతాబ్దాలు దాగి, ఇరవయ్యవ శతాబ్దంలో వెలుగు చూచినవి. నేడు మన ఇండ్లలో అవ్వ పాడిన పాటకు భాండారం చేతి ఫోను. ఫోను, కంప్యూటరు ఒకే వైఫైలో ఉన్నచో, తగిన సాధనమొకటి తీగ లేకనే రెంటినీ పోల్చి, క్రొత్తగా చేరినవాటిని, మారినవాటిని అటునిటు చేరవేస్తుంది. ఇందులో ఒక ప్రమాదమూ ఉన్నది. ఇరువైపులా సమానం చేసే ఏర్పాటులో ఫోనులో పొరపాటున చెరిపిన పాట కంప్యూటరులోనూ చెరిగిపోవచ్చును. కనుక నెలకొకసారి మూడవ ప్రతిని వేరొక డిస్కులో వ్రాసి, తీగ విప్పి, విడిగా భద్రపరచవలెను. పాడిన గొంతులు మూగవోయినా, ఆ పాటలను మనకు అందించినవి విడిగా దాచిన రేకులే కదా!