పాఠశాలయు గృహమును: నడుమ నుండవలసిన మాట
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన సంఘము విద్యార్థివేతనముల నిచ్చుచున్నది, వసతిగృహమును నడుపుచున్నది. పిల్లవాడు బడిలో చేరెనా యని విచారించుచున్నాము. చేరిన పిమ్మట వాని సంగతి యింటివారికి తెలియుచున్నదా యని మాత్ర మడుగుట లేదు. నేడు నేనా విషయమునే విన్నవింపదలచితిని.

పూర్వ ముపాధ్యాయుడు సాయంకాలము వీధియరుగుపై కూర్చుండి తండ్రితో రెండు మాటలాడి పోవుచుండెను. తరువాత మార్కుల పత్రములు వచ్చినవి. వానిపై తండ్రి చేవ్రాలును పిల్లవాడే చేసి తెచ్చుట యుపాధ్యాయులకు తెలియని విద్య కాదు. 2020వ సంవత్సరమున మహమ్మారివలన బడులు మూతపడగా, పెక్కు గృహములకు వాట్సాపే పాఠశాలాద్వార మైనది. బడులు తెఱచిన తరువాతను ఆ యలవాటు నిలిచినది.

సాధనము మంచిదే. నిర్వాహకులు మాత్రమే సందేశములు పంపునట్లు 2018 నుండి యేర్పాటు చేసికొనవచ్చును. అందువలన శుభోదయపు పుష్పగుచ్ఛముల బాధ తప్పినది, అది మహోపకారము. కాని దానితోపాటు తల్లిదండ్రుల నోరును మూతపడినది. బడి చెప్పుచున్నది, వినుట లేదు.

నే నెఱిగిన యొక తల్లి పత్తిచేలకు కూలికి పోవును. చదువు రాదు. ఫోను పగలంతయు భర్త జేబులో నుండును. కుమారుడు బడికి రాలేదని బడివారు ఇంగ్లీషున సందేశము పంపిరి. ఫోనుపై నీలపు గుఱుతులు రెండు పడినవి. అనగా సందేశము తెఱవబడినది. తెఱచినవా డర్థము చేసికొనెనా యన్నది ఆ గుఱుతు చెప్పజాలదు. నాలుగవనాడు పొరుగింటి బాలిక చదివి చెప్పగా ఆ తల్లికి తెలిసినది. పిల్లవా డా మూడు దినములును చెఱువుగట్టున గడపెనట! జరుగరానిది జరిగియుండినచో, పంపితిమను సమాధాన మా తల్లి కేమి యూఱట?

వాట్సాపునందు 2013 నుండియే గొంతుతో సందేశము పంపు సౌకర్యము కలదు. ఉపాధ్యాయు డరనిమిషము తెనుగున, పిల్లవాని పేరు, దినము, తల్లి చేయవలసిన పని చెప్పిన చాలును. శ్రుతిరూపముననే వేదమును నిలుపుకొన్న దేశమున నిది క్రొత్త విద్య గాదు. ఆమెయు గొంతుతోనే బదులీయగలదు. ఇక రుసుము బాకీపడిన పిల్లల పేర్లు అందఱు చూచు సమూహమున ప్రకటించు బడు లున్నవి. అది మోటుతనము, అట్టి మాట ఆ యింటికి మాత్రమే చేరవలెను.

ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో మూడువంతులకు తక్కువ గాకుండ తల్లిదండ్రులును, మొత్తముమీద సగము స్త్రీలును ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. ఈ మాట నచ్చట మన స్త్రీలే యెత్తవచ్చును.

అంతవఱకు మన చేతిలోని పని మనము చేయుదము. సంఘము ముద్రించు విద్యార్థివేతనపు దరఖాస్తులో తండ్రి ఫోను సంఖ్యకే గడి యున్నది. దానిప్రక్కన తల్లి సంఖ్య, ఆమెకు చదువ వచ్చునా యనునది, ఇంట నుండు వేళ యనునవి మూడు గడులు చేర్చవలెను. రాబోవు జూను దరఖాస్తులు ముద్రణకు పోవకమున్నే కార్యదర్శిగారు దీనికి సభవారి యనుమతి గైకొనవలెనని ప్రార్థించుచున్నాను.