తూటా లెక్కలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నన్ను ప్రబంధములను గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను గాను. మా తాతగారు ఈ గ్రామమునకు కరణము. 1984లో కరణీకములు రద్దయిన పిదప మా ఇంట మిగిలినవి రెండే: లెక్కలు వ్రాయు అలవాటు, అటకమీది పాత పుస్తకములు. మొదటిది నాకు కూడు పెట్టుచున్నది. రెండవది నిద్ర చెరుపుచున్నది. పెద్దన మనుచరిత్రములో స్వరోచి వేట చదివితిని. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యములో తిన్నని వేటయు చదివితిని. కుక్కలు, వలలు, ఈటెలు, పందుల రొప్పులు, అన్నియు కన్నులకు కట్టును. కాని వేటకు ముందటి రాత్రి దీపము ముందు కూర్చుండి అమ్ములకు ములుకులు బిగించినవాని మాట మనకంతగా వినబడదు. నేడు ఆ బాపతు మనిషిని గూర్చి చెప్పెదను. అతడు మన దేశపువాడు కాడు.

మొన్నటి సంవత్సరము మా అమ్మాయి ఇంట ఆరు మాసములు ఉండుటకు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు పోయితిని. పొరుగున డెబ్బది దాటిన రైతు ఒకడు కలడు. అతని పచ్చికబీళ్లలో ఉడ్‌చక్ అను జంతువు బొరియలు త్రవ్వును. మన పందికొక్కునకు పెద్దన్న యనుకొనుడు. ఆ గోతులలో పశువుల కాళ్లు విరుగును. ఇట్టి చెరుపు జంతువులను అచ్చట ‘వార్మింట్’ అందురు. వీనిని దూరమునుండి కొట్టుటకు సన్నని గుండు, మిక్కిలి వేగము గల తుపాకులు వేరుగా ఉన్నవి. ముసలాయన తూటాలు కొనడు. కాల్చిన ఖాళీలనే ఏరి తెచ్చి, ఇంటి క్రింది గదిలో తానే మరల నింపుకొనును. ఆ దేశమున అది చట్టసమ్మతము. మన దేశమున 1959 ఆయుధముల చట్టము ఉన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉన్నది. కనుక పిల్లలు దీనిని వినుటకే గాని చేయుటకు గాదని ముందే మనవి.

తూటాకు భాగములు నాలుగు: ఇత్తడి గొట్టము, అడుగున నిప్పు పుట్టించు కేపు, మందు, మూతిన గుండు. కాల్చిన పిదప మిగులునది ఇత్తడియే. ఖరీదులో పెద్దపాలును దానిదే. ఒక చిత్రము వినుడు. 1866లో ఇంగ్లండువాడైన బాక్సరు ఒక విధమైన కేపును, అమెరికావాడైన బెర్డాను మరియొక విధమైన కేపును కనిపెట్టిరి. కాలక్రమమున ఇంగ్లీషువానిది అమెరికాలో నిలిచినది, అమెరికావానిది ఐరోపాలో వ్యాపించినది! బాక్సరు పద్ధతిలో గొట్టపు అడుగున నడిమికి ఒకటే రంధ్రము. పైనుండి సూది దించిన పాత కేపు ఊడిపడును. ఇంటింట తూటాలు నింపుకొను అలవాటు అమెరికాలో పాదుకొనుటకు ఆ ఒంటి రంధ్రము చాల తోడ్పడినది.

ఇత్తడి విషయము మన కంచరివారికి చెప్పనక్కరలేదు. కొట్టినకొలది గట్టిపడును, గట్టిపడినది పగులును. కాల్చిన మరల మెత్తబడును. ముసలాయనయు గొట్టముల మెడలను మంటలో త్రిప్పి మెత్తబరచును. దీనికి మన దేశముతోడి సంబంధ మొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇచ్చటి ఇంగ్లీషు సైన్యము వానకాలమున తూటాలను గుఱ్ఱపుసాలలలో దాచెడిది. వాన వెలిసి చూడగా ఇత్తడి చీలియుండెడిది. గుఱ్ఱపు మూత్రమునుండి వచ్చు అమ్మోనియా ఘాటు, లోహములోని బిగువు కలిసి చేసిన పని యిదియని 1921లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఇప్పటికిని దానికి ఇంగ్లీషున ‘ఋతువు పగులు’ అను అర్థము వచ్చు పేరే ఉన్నది.

నన్ను ఆకర్షించినది మాత్రము ఆయన చిట్టా. తేది, గొట్టము ఎన్నవమారు నింపినది, మందు పేరు, తూనిక, గుండు బరువు, నూరు గజముల దూరమున అయిదు గుండ్లు ఎంత మేర చెదరినవి, ఇన్ని గడులు. మా తాతగారి అడంగలు కూడ అంత శుభ్రముగ లేదు. తూనికలన్నియు ‘గ్రెయిను’లలో. గ్రెయిను అనగా గింజ. ఏడు వేల గింజలు ఒక పౌను. నేను లెక్క కట్టి చూచితిని. 1835లో నిర్ణయించిన మన వెండి రూపాయి సరిగా నూట ఎనుబది గ్రెయిన్లు, అనగా తులము. అచ్చట దుప్పులవంటి పెద్ద మృగములకు వాడు గుండ్లలో నూట ఎనుబది గ్రెయినులది సుప్రసిద్ధము. అనగా ఆ గుండు ఒక వెండి రూపాయి ఎత్తు. 1930లో అంగడికి వచ్చిన ‘హార్నెట్’ అను చిన్న తూటాకు నలుబదియైదు గ్రెయినుల గుండు వాడుదురు. అది సరిగా వెండి పావలా! ఈ మాట చెప్పగా ముసలాయన మోకాలు చరచుకొని నవ్వెను.

ఆయనకు ప్రియమైన తుపాకి తూటా కథయు ముచ్చటైనది. 1915 నాటి సావేజ్ తూటా గొట్టమునకు మెడ సన్నగిల్లజేసి, 1930ల నాటి కొందరు వేటగాండ్రు ఇంటనే దానిని తయారుచేసికొనిరి. ఏ సంస్థయు చేసి అమ్మలేదు. చిట్టాలే దానికి శాస్త్రము, చేతులే కర్మాగారము. 1965లో గాని రెమింగ్టన్ సంస్థ దానిని తన తూటాగా స్వీకరింపలేదు.

ఒక రాత్రి యాబది గొట్టములు చెక్కపలకలో నిలిపి, అన్నిటికి మందు పోసి, గుండ్లు బిగింపకముందు చేతిదీపము వెలిగించి మూతులలోనికి ఒక్కొక్కటే చూచెను. అన్నిట మందు ఒక్క మట్టమున ఉన్నదా యని. పెద్ద గొట్టములలో రెండుమారులు పోసిన మందు పొర్లి తెలియును. పిస్తోలు గొట్టములలో తెలియదు, అడుగుననే అణగియుండును. అదియే చేతులు, కన్నులు పోగొట్టునది. చూచి, దీపము నా చేతికిచ్చి, “మీరును చూడుడు, ఒకరి కన్నులు చాలవు” అనెను. నేను చూచితిని. ఏల చెప్పవలెనో తెలియదుగాని, ఏబదియు రెండుమారులు చూచితిని. నా చేయి వణకుట ఆయన గమనించెను.

అయ్యలారా, మా చిన్నాన్న ఎడమచేతి మూడు వ్రేళ్లు పోయిన సంగతి మీలో పెద్దలు ఎరుగుదురు. కొండవార వేరుసెనగ చేనికి అడవిపందుల కాపుదల నిమిత్తము ఆయనకు లైసెన్సుగల మూతిమందు తుపాకి ఉండెడిది. దట్టించు కమ్మికి రెండు గాట్లు పెట్టియుంచెను. కమ్మి లోపలికి దించిన, తుపాకి ఖాళీయా, నిండినదా గాటు చెప్పును. 1982లో నాకు పండ్రెండేండ్లు. ఆయన అన్నమునకు ఇంటికి పోయినపుడు, నేర్చితిననిపించుకొనవలెనను ఉబలాటమున మంచెమీద నేనే మందు పోసి, గుండు దట్టించి, కేపు పెట్టక, నిద్రపోయితిని. ఆయన వచ్చుసరికి పందులు చేనిలో పడినవి. గాటు చూచుకొను వ్యవధి లేదు. తాను నింపలేదు కనుక ఖాళీయనియే నమ్మి మరల నింపెను.

గొట్టము పాతదని కొందరు, కమ్మరి చేసిన అతుకు చెడ్డదని కొందరు అనిరి. తన తొందరయే కారణమని ఆయన అనుకొనెను; కడవరకు అట్లే అనుకొనెను. నేను నోరు మెదపలేదు. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమునకు మొదట చందా వ్రాసినవారిలో ఆయన ఏడవవాడు. ఆ ఉత్తరపు కిటికీకడ బల్లమీద, మిగిలిన రెండు వ్రేళ్లతో పత్రిక పుటలు త్రిప్పుచు కూర్చుండుట మీరందరు చూచినదే. ఎదుట కూర్చుండి నేను చందా పద్దులు వ్రాసెడివాడను. చెప్పుటకు ఎన్ని సాయంకాలములు దొరకినవో! 2011లో ఆయన పోయెను.

ఆ రాత్రి పెన్సిల్వేనియాలో, నాకు వచ్చిన ముక్కల ఇంగ్లీషులో ఆ ముసలాయనకు మొదటిమారు చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత తన చిట్టా చివరి పుట తీసి, నలుబదియేండ్ల క్రిందటి ఒక పద్దు చూపెను. తేది ఉన్నది, మందు పేరు ఉన్నది, తూనిక గడి ఖాళీ. ఎవరికి ఏమి జరిగినదో ఆయన చెప్పలేదు, నేను అడుగలేదు.

చిన్నాన్న బిడ్డలు మువ్వురును ఈ సభలో ముందు వరుసలోనే ఉన్నారు. మీకు చెప్పుటకు ముందు నిన్న రాత్రి వారి ఇంటికి పోయి వారికి చెప్పితిని. పెద్దవాడు లేచి లోనికి పోయి, ఆ కమ్మిని తెచ్చి నా చేత పెట్టెను. రెండు గాట్లును ఇంకను ఉన్నవి. గ్రంథాలయమువారు అంగీకరించిన, ఉత్తరపు కిటికీకడ గోడకు దానిని తగిలించుటకు వారికి సమ్మతమేనట.