గోబర్ గ్యాసు మడ్డి: నీరూ దక్కాలి, ఎరువూ దక్కాలి



నల్లగొండ, పాలమూరు చెలకలలో ఎండాకాలము వచ్చిందంటే గోబర్ గ్యాసు ప్లాంటు ఉన్న రైతు ఒకటే మాట అంటాడు: "పెండ ఉన్నది, కలుపుటకు నీళ్లేవి?" బావి అడుగంటగానే పెండ వేయుట మానును, ఇంట గ్యాసు పొయ్యి ఆరిపోవును. మరి పోసిన నీరంతా ఏమయినట్లు?

2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పెండ, 50 లీటర్ల నీరు కావలెను. ఖాదీ కమిషన్ వారి డ్రమ్ము ప్లాంటయినా, 1984లో వచ్చిన దీనబంధు ప్లాంటయినా లెక్క ఇంచుమించు ఇదే. బయటికి వచ్చు మడ్డిలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. గ్యాసుగా పోవునది ముఖ్యముగా కర్బనము. నత్రజని, భాస్వరము, పొటాషు మడ్డిలోనే మిగులును. ఆ మడ్డిని ఎండలో ఆరబోస్తే నీరు ఆవిరగును, అమ్మోనియాగా ఉన్న నత్రజనియు గాలిలో కలియును. రెండు విధాలా నష్టమే కదా!

కనుక ఇట్లు చేయండి. మడ్డి వచ్చు మూతికి దిగువన గుంట తీసి, బండలు పరచి, సందులు సిమెంటుతో పూడ్చి, ఒక పక్కకు వాలు ఇవ్వండి. అడుగున ఆకు అలము 15 సెంటీమీటర్ల మందము తొక్కి పరచండి. మడ్డి పైన నిలుచును. నీరు వడిసి వాలు చివరి రంధ్రము గుండా పక్క గుంటలోకి దిగును.

ఈ నీటిని మరునాటి పెండలో కలుపుకోవచ్చును. అయితే సగమైనా కొత్త నీరు చేర్చండి. అదే నీరు మాటిమాటికి తిరిగితే అమ్మోనియా, ఉప్పులు పేరుకొని గ్యాసు తగ్గును. మిగిలినది మంచి నీటితో పలుచన చేసి కూరగాయల మడికి పారించండి; అందులో పొటాషు, అమ్మోనియా ఉన్నవి. భాస్వరము చాలవరకు చిక్కటి మడ్డిలో నిలుచును. దానిని ఆముదాల పొట్టు, ఎండుటాకులతో పొరలుగా వేసి, మట్టి కప్పి, నీడన మాగనిచ్చి దుక్కిలో వేయండి. ఎర్ర చెలకకు తేమ నిలుపు శక్తియు వచ్చును.

ఒక్క హెచ్చరిక. ఇది వడిసిన నీరే గాని శుద్ధమైన నీరు కాదు. మనుషులకు, పశువులకు తాగుటకు పనికిరాదు. బోరు నీటిలో ఫ్లోరైడు ఉంటే అదియు ఈ వడపోతతో పోదు. గుంట తాగునీటి బావికి కనీసము 15 మీటర్ల దూరాన, పల్లపు వైపున ఉండవలెను. లేకున్న నైట్రేటు బావిలోకి ఊరును.

వాకిట పారబోసిన మడ్డి ఈగలకు నెలవు; గుంటలో పట్టిన మడ్డి చేనుకు బలము. బావి అడుగంటకముందే గుంట తీయండి.