సంక్రాంతికి తప్పిన 23 రోజులు
(మేఘనాద్ సాహా స్మారకోపన్యాసం)

మకర సంక్రాంతి అంటే ఉత్తరాయణ పుణ్యకాలం. ఒకప్పుడు ఈ మాట అక్షరాలా నిజం. ఇప్పుడు సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో, ఇళ్లల్లో కొత్త బియ్యంతో పొంగలి పెట్టేది జనవరి 14, 15 తేదీల్లో. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా స్మృతి సభలో చెప్పుకోదగ్గది ఆ ఎడం సంగతే.

భూమి అక్షం బొంగరంలా మెల్లగా తల తిప్పుతూ ఉంటుంది. అందువల్ల సూర్యుడు మళ్లే అయన బిందువులు నక్షత్రాల మధ్య వెనక్కి జరుగుతాయి, డిగ్రీకి సుమారు 72 ఏళ్ల చొప్పున. 6వ శతాబ్దంలోనే ఖగోళ పండితుడు వరాహమిహిరుడు దీని జాడ పట్టాడు. దక్షిణాయనం పూర్వం ఆశ్లేష నడుమ మొదలయ్యేదనీ, తన కాలంలో కర్కాటకం మొదట్లో వస్తోందనీ బృహత్సంహితలో రాశాడు. తేడా వస్తే ప్రత్యక్షంగా చూసి తేల్చుకోమన్నాడు. గ్రహణానికి కారణం నీడే గానీ రాహువు కాదన్నాడు. జాతక ఫలాలు చెప్పే బృహజ్జాతకం రాసిందీ ఆయనే! గణితాన్ని ఆకాశం ముందు నిలబెట్టిన మనిషి జాతక ఫలాన్ని మాత్రం ఆ పరీక్షకు పంపలేదు.

19వ శతాబ్దంలో మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి పాత పట్టికలను పక్కనపెట్టి, ఆకాశంలో కనిపించేదానితో సరిపోయే దృగ్గణిత పంచాంగం వేశారు. పండుగ ఏ రోజన్న విషయంలో దృక్ పద్ధతికీ పూర్వ పద్ధతికీ తగవు ఇంకా తీరలేదు.

స్వతంత్ర భారతంలో ఆ తగవు సాహా ముందుకు వచ్చింది. ఆయన అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం, దేశంలో వాడుకలో ఉన్న దాదాపు 30 పంచాంగాలను పరిశీలించి 1955లో నివేదిక ఇచ్చింది. పాత పంచాంగాలకు ఆధారమైన సూర్యసిద్ధాంతపు సంవత్సరం ఋతువుల సంవత్సరం కంటే సుమారు 24 నిమిషాలు ఎక్కువ. 1400 ఏళ్లలో ఆ నిమిషాలే పోగుపడి 23 రోజులయ్యాయి. సంఘం పౌర పంచాంగాన్ని ఋతువులతో ముడిపెట్టింది. పండుగల లెక్కకు అయన బిందువులు జరిగిన మేరను, అంటే అయనాంశను, 23 డిగ్రీల 15 నిమిషాలుగా ఖాయం చేసి, సంక్రాంతిని ఉన్నచోటే ఉంచింది. జాతీయ పంచాంగం 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. సాహా అంతకు 13 నెలల ముందే కన్నుమూశారు.

రాశులు జరిగిపోయాయన్న ఆక్షేపణకు జ్యోతిష్కుల జవాబూ వినాలి. తమది నక్షత్రాలను బట్టి లెక్కించే నిరయన పద్ధతి అనీ, అయనాంశ తీసేశాకే చక్రం వేస్తామనీ అంటారు. సబబే. అయితే తీసేయాల్సింది ఎంత? వాడుకలో ఉన్న లాహిరి, రామన్ అయనాంశల మధ్య దాదాపు డిగ్రీన్నర తేడా. నక్షత్ర పాదం మొత్తం 3 డిగ్రీల 20 నిమిషాలే. కొందరు పిల్లలకు ఒక లెక్కలో ఒక పాదం, ఇంకో లెక్కలో ఇంకో పాదం వస్తుంది. దాంతో పాదాన్ని బట్టి పెట్టే పేరులో తొలి అక్షరమూ మారుతుంది.

వరాహమిహిరుడు గణితానికి పెట్టిన పరీక్షను 2008లో పుణెలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం ఫలితానికి పెట్టింది. చదువులో మెరికల్లాంటి 100 మంది పిల్లల జాతకాలు, బుద్ధిమాంద్యం ఉన్న 100 మంది జాతకాలు కలిపేసి, ఒక్కో జ్యోతిష్కుడికి 40 ఇచ్చారు. ఏది ఏ కోవదో చెప్పాలి. 51 మంది ముందుకొచ్చారు, 27 మంది జవాబులు పంపారు. సరిపోయినవి 46 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా సగం సరిపోయేవి.